పిల్లల ఆలనా పాలనా చూసేవారి బాగోగులు



హాస్టలు అనగానే మనకు బియ్యం బస్తాలు, దుప్పట్లు, క్రిస్మసు బట్టలు గుర్తుకు వస్తాయి. కమిటీ కూర్చుంటే పప్పు ఉప్పుల లెక్క గంటసేపు చూస్తాము. వార్డెనమ్మ సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆ లెక్కలో ఉండదు.

కొత్తగా చేరిన పిల్ల అమ్మ కోసం రాత్రంతా ఏడుస్తుంది. పక్క తడిపిన పసివాడికి బట్టలు మార్చాలి. పెద్దపిల్ల అలిగి అన్నం మానేస్తుంది. దీపాలు ఆర్పిన తరువాతనే పిల్లలు తమ ఇంటి గాథలు చెప్తారు: తండ్రి తాగుడు, దెబ్బలు, అంతకన్న ఘోరమైనవి. ఆ మాటలు విన్న ఆయా వాటిని బయట చెప్పకూడదు. అది న్యాయమే. కాని లోపల వినేవారు కూడా లేకపోతే ఆ బరువు ఆమె ఎక్కడ దించుకుంటుంది? కొన్నాళ్లకు మాట కరుకవుతుంది, చేయి విసురవుతుంది. అప్పుడు మనం ఆమె స్వభావాన్ని తప్పుపడతాము.

ఈ స్థితికి 1974లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ ‘బర్నవుట్’ అని పేరు పెట్టి వ్రాశారు. ఉచిత వైద్యశాలలో మనసు పెట్టి సేవచేసిన వారిలోనే ఆయన దీనిని చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగమనలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడివల్ల కలిగే స్థితి అన్నది. అంటే ముందు సరిచేయవలసినది పని ఏర్పాటునే. సన్మానసభలో కప్పే శాలువా ఆ పని చేయదు.

వారానికి ఒక పూర్తి పగలూ రాత్రీ సెలవు ఇవ్వాలి. ఆ రోజుకు పిల్లలు ఎరిగిన మనిషినే బదులు పెట్టాలి. లేకపోతే ఆమె ఇంటికి వెళ్లినా మనసు హాస్టలులోనే ఉంటుంది. నెలకొకసారి అనుభవజ్ఞులెవరైనా ఆమెతో కూర్చోవాలి, తనిఖీ పుస్తకం లేకుండా. మరీ కుంగినప్పుడు 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు పిల్లల గదిలోనే గాక వంటగదిలోనూ అంటించాలి.

ఇంకొక సంగతి మనం బొత్తిగా తలచము. ఎనిమిదేళ్లు సాకిన పిల్ల పెట్టె సర్దుకొని వెళ్లిపోతుంది. పిల్లకు ప్రార్థన చేసి, ఫోటో తీసి సాగనంపుతాము. ఆ సాయంత్రమే ఖాళీ అయిన మంచానికి మరొక పిల్లను చేర్చి, ఆయాకు అప్పగిస్తాము. రెండు రోజులు ఆగరాదా? ఆ రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని, వెళ్లిన పిల్ల ముచ్చట్లు వినడానికి మన స్త్రీల సమాజం నుండి ఎవరు వస్తారో, ఈ కూటం ముగిసేలోగా పేర్లు ఇవ్వండి.