గ్రంథ వర్గీకరణము: బీరువా నుండి ఇంటర్నెట్టు వఱకు
(రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



వేపచెట్టును గూర్చిన పుస్తకమొకటి గ్రంథాలయమునకు వచ్చినదనుకొందము. అందు కొన్ని పుటలలో చెట్టు లక్షణములు వర్ణింపబడినవి. కొన్నింటిలో వేపగింజల కషాయముతో పైరుమీది పురుగును అణచు విధము చెప్పబడినది. మరికొన్నింటిలో చర్మవ్యాధులకు వేపాకును వాడు తీరున్నది. దీనిని ఏ బీరువాలో నుంచవలెను? వృక్షశాస్త్రములోనా, వ్యవసాయములోనా, వైద్యములోనా? పుస్తకము ఒక్కటి, దానికి చోటును ఒక్కటే. వ్యవసాయపు బీరువాలో పెట్టినచో రైతునకు దొరకును గాని, వైద్యమునకై వచ్చినవాడు రిక్తహస్తములతో మరలిపోవును. దొరకని పుస్తకము ఉన్నను లేనట్టిదే. ఈ చిన్న చిక్కే వర్గీకరణ శాస్త్రమున కంతకును మూలము. నేడు చేతిలోని సెల్‌ఫోనునకు అందుబాటులో కోట్లకొలది పుటలు, చిత్రములు, ఉపన్యాసములు ఉన్నవి. చిక్కు మాత్రము అదియే. దాని పరిమాణము పెరిగినది.

వస్తువులను జాతులుగా విభజించి చెప్పుట ఈ దేశమునకు క్రొత్త గాదు. వీధిబడులలో పిల్లలు వల్లించిన అమరకోశము అక్షరక్రమమున కూర్చిన నిఘంటువు గాదు. అమరసింహుడు పదములను మూడు కాండములుగను, కాండములను వర్గములుగను ఏర్పరచెను. చెట్లును ఓషధులును వనౌషధివర్గమున, మృగములు సింహాదివర్గమున, ఊళ్లును ఇండ్లును పురవర్గమున చేరినవి. మూడవ కాండములో సంకీర్ణవర్గమనియు, నానార్థవర్గమనియు రెండున్నవి. వీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. ఎంత జాగరూకతతో అరలు చేసినను వానిలో ఇమడక మిగిలిపోవునవి యుండుననియు, ఒకే పలుకు రెండు మూడు అరలలో కాలు మోపుననియు ఆ కోశకర్త యెరుగును. నేటి కంప్యూటరు పండితులు తలపట్టుకొనుచున్నదియు ఈ రెంటితోనే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనపుడు వ్యాసముల తరగతులకు పేరు వెదకవలసిన పని లేకపోయినది. ‘వర్గం’ అను మాట సిద్ధముగా నుండెను.

ఆధునిక గ్రంథాలయములలో ఎక్కువగా వాడుకలో నున్న పద్ధతి అమెరికా దేశీయుడైన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించినది. ఆయన సమస్త జ్ఞానమును పది భాగములు చేసి, ప్రతి భాగమును మరల పదిగా, దానిని మరల పదిగా విభజించి, అంకెలతో గుర్తించెను. అంకెకు భాషాభేదము లేదు గనుక ఈ పద్ధతి లోకమంతటను వ్యాపించినది. కాని అరలు చేయువాని ఇల్లు ఎక్కడ నున్నదో అరలే చెప్పును. మతవిషయములకు కేటాయించిన 200 అంకెలలో 220 మొదలు 289 వఱకు క్రైస్తవమునకే పోయినవి. ప్రపంచమందలి తక్కిన మతములన్నియు 290లో ఇరుకుకొనవలసి వచ్చినది. ఆంగ్ల సాహిత్యమునకు 820 మొదలు పదంకెల విశాలమైన పడసాల దొరకినది. నన్నయ నాటినుండి నేటివఱకు గల తెలుగు సాహిత్యమంతయు 894.827 అను చోట, దశాంశ బిందువునకు ఆవల, వసారాలో కూర్చున్నది. ఇందు డ్యూయీ దురుద్దేశమును వెదక పనిలేదు. తన యెదుట నున్న పుస్తకములను బట్టి ఆయన అరలు చేసెను. అయితే వర్గీకరణము నిష్పక్షపాతమైన లెక్క యని నమ్మువారు ఈ అంకెలను ఒకసారి చూడవలెను.

చిక్కును మూలమునుండి విప్పిన మహనీయుడు శీర్కాళిలో 1892లో జన్మించిన శియాళి రామామృత రంగనాథన్ గారు. గణితోపాధ్యాయుడుగా నుండిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యైనాడు. శిక్షణకై లండను వెళ్లినపుడు సెల్ఫ్రిడ్జెస్ అను పెద్ద అంగడిలో మెకానో అను ఆటవస్తువును చూచెను. అవే రేకులు, అవే మరలు. వానిని బిగించు తీరునుబట్టి ఒకప్పుడు బండి, ఒకప్పుడు వంతెన. జ్ఞానమును కూడ ముందుగా చేసిన పెట్టెలలో కుక్కుటకు బదులు, చిన్న ముక్కలుగా విడదీసి, ఏ పుస్తకమునకు కావలసిన ముక్కలను ఆ పుస్తకమునకు బిగింపరాదా యని ఆయనకు తోచెను. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణము ఆ ఊహకు ఫలము. విషయమునకు ప్రధానవస్తువు, పదార్థము, క్రియ, దేశము, కాలము అను ఐదు ముఖములున్నవని ఆయన నిర్ణయించెను. గోదావరి డెల్టాలో ఫలానా సంవత్సరమున వరికి వచ్చిన తెగులు నివారణను గూర్చిన పుస్తకమున్నదనుకొందము. వరి ఒక ముఖము, నివారణ ఒక ముఖము, డెల్టా ఒకటి, సంవత్సరము ఒకటి. పాఠకుడు ఏ ముఖమునుండి వచ్చినను త్రోవ దొరకవలెను.

రంగనాథన్ గారి పద్ధతిని అనుసరించిన గ్రంథాలయములు కొలదియే. అంకెలును చిహ్నములును కలిసిన ఆ సంజ్ఞలు కఠినములని పలువురు వెనుకాడిరి. కాని ఆయన భావము అనుకొనని చోట జీవించుచున్నది. ఇంటర్నెట్టు అంగడిలో చీరె కొనగోరిన గృహిణి నేత యొకచోట, రంగు ఒకచోట, వెల ఒకచోట ఎంచుకొనుచు వేల చీరెలను పదింటికి తెచ్చుకొనును. ఆమె చేయుచున్నది ముఖములవారీ వర్గీకరణమే.

ఇంటర్నెట్టు తొలిదినములలో నడచిన మార్గము డ్యూయీదే. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అను స్టాన్‌ఫర్డు విద్యార్థులిరువురు తాము చూచిన పుటలను శాఖలు, ఉపశాఖలుగా పట్టికలు వేయసాగిరి. అదియే యాహూ. పుటలు వెల్లువవలె పెరుగగా మనుష్యులు కూర్చుండి ఒక్కొక్కదానిని అరలో పెట్టుట అసాధ్యమైనది. 2014 చివర ఆ పట్టిక మూతపడినది. ఈలోపల మరియొక పద్ధతి ప్రబలినది. దాని పేరు ట్యాగు. మిల్లుకు పోవు ధాన్యపు బస్తాకు రైతు కట్టు చీటీ వంటిది ఇది. వేపపుస్తకమునకు ‘వృక్షము’, ‘పురుగు నివారణ’, ‘వైద్యము’ అని మూడు చీటీలు కట్టవచ్చును. పుస్తకము చిరుగదు, బీరువా నిండదు. చీటీలు కట్టువాడు పండితుడే కానక్కరలేదు, చదివినవాడెవడైనను కట్టవచ్చును. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనునతడు ట్విట్టరులో మాటకు ముందు ఒక గళ్ల గుర్తును చేర్చవలెనని సూచించగా, అది నేడు చిన్నపిల్లలకును తెలిసిన హ్యాష్‌ట్యాగు అయినది.

చీటీలలోను చిక్కు లేకపోలేదు. వేరుశనగ ఆకుమచ్చ తెగులును గూర్చి ఒకరు మంచి పాఠము చిత్రించి ‘వేరుశనగ’ అని చీటీ కట్టిరి. తెలంగాణములోని రైతు ‘పల్లీలు’ అని వెదకును. రాయలసీమలో ‘బుడ్డలు’ అని వెదకువారున్నారు. పాఠమున్నది, రైతున్నాడు, పైరు మాడిపోవుచున్నది. నడుమ పలుకొక్కటి అడ్డుగోడయై నిలిచినది. గోంగూరకును పుంటికూరకును, సొరకాయకును ఆనపకాయకును ఇదే గతి. కావున స్వేచ్ఛగా కట్టు చీటీలకు వెనుక ఒక పర్యాయపదముల పట్టిక యుండవలెను. ఏ పేరుతో అడిగినను ఒకే చోటికి చేర్చవలెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980ల తొలి సంవత్సరములనుండి పెంచుకొని వచ్చుచున్న ‘ఆగ్రోవాక్’ అట్టి పట్టికయే. అది బహుభాషాకోశము, ఆ భాషలలో తెలుగును కలదు. అయితే ఊరూరి పలుకును రోమునగరములో కూర్చున్నవా రెట్లు ఎరుగుదురు? ఆ పని స్థానికులదే.

చీటీలలో దొంగచీటీలును కలవు. పుటను వ్రాసినవారే దానికి కీలకపదములను తగిలించు ఆచారము వెనుక నుండెడిది. జనాకర్షణకై సంబంధములేని పదములను కుప్పలుగా చేర్చుట మొదలుపెట్టగా, తాము ఆ పదములను లెక్కకు తీసికొనుట లేదని గూగుల్ వారు 2009లో బహిరంగముగా చెప్పవలసి వచ్చినది.

వెదకు యంత్రములుండగా ఇంత శ్రమ ఏల యని కొందరడుగుదురు. యంత్రము అక్షరములను వెదకును. పాత పుస్తకమును పుటపుటకు ఛాయాచిత్రము తీసినచో అందు యంత్రమునకు కనబడునది బొమ్మయే. అచ్చును గుర్తించు ఉపాయములు వచ్చినను, మాసిన పాత తెలుగు అచ్చులో అవి తరచు తడబడును. అపుడు ఆ పుస్తకమునకు దిక్కు దాని చీటీయే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటరు శాస్త్రములో 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకములను ఇట్లు భద్రపరచు ప్రణాళికకు పూనుకొనిరి. భారత డిజిటల్ లైబ్రరీ ఆ కృషిలో భాగము. దానివలన ఎక్కడను దొరకని తెలుగు గ్రంథములు వేలకొలది బ్రదికినవి; వానిలో చాలభాగము నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో చదువవచ్చును. కాని పలు గ్రంథముల పేర్లు ఆంగ్లాక్షరములలో, తోచినట్లు, తప్పులతో నమోదైనవి. ఒక్క అక్షరము మారుటచే కవి యొకచోట, కావ్యమొకచోట పడినవి. లక్షల పుటలకు ఛాయాచిత్రములు తీయుటకు పడిన శ్రమలో పిసరంత, తెలుగు లిపిలో పేరును సరిగా వ్రాయుటకు పడియున్నచో ఎంత మేలుండెడిది! ఆ దిద్దుబాటు ఇప్పటికిని ఓపికగల పాఠకుల చేతులమీదుగా జరుగవలసియే యున్నది.

పాఠకులకు ఇట్టి పని చేతకాదను సందేహము వలదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు 2008 జనవరిలో సుమారు 3,000 పాత ఛాయాచిత్రములను ఫ్లికర్ అను వేదికమీద నుంచి, చూచువారినే చీటీలు కట్టుడని కోరిరి. సామాన్యులు వీధులను, యంత్రములను, మనుష్యులను గుర్తుపట్టి చెప్పిరి. వానిలో సరిచూచినవి గ్రంథాలయపు పట్టికలోనికే ఎక్కినవి.

ఈ గ్రంథాలయము వెలసిన నాటి సభల ఛాయాచిత్రములు, నాటకముల కరపత్రములు, వరదల సంవత్సరముల పత్రికలు పలువురి ఇండ్లలోను, సెల్‌ఫోనులలోను చెదరియున్నవి. వానిలోని ముఖములను గుర్తుపట్టగల పెద్దలు ఇంకను ఈ సభలో నున్నారు. మరియొక ఇరువదియైదేండ్లకు ఎందరుందురో చెప్పజాలము. ఒక్కొక్క చిత్రమునకు ఊరు, సంవత్సరము, సందర్భము, కనబడువారి పేర్లు అను నాలుగు చీటీలు తెలుగు లిపిలో కట్టినచో చాలును. సంవత్సరము నిశ్చయముగా తెలియనిచో ‘సుమారు’ అని చేర్చవలెను. ఊహను నిజముగా వ్రాయరాదు. జీవించియున్నవారి పేర్లను ఇంటర్నెట్టు కెక్కించుటకు ముందు వారి అనుమతి కోరవలెను. పుస్తకములిచ్చు బల్లమీద ఒక నోటుపుస్తకము నుంచి, పాఠకుడు ఏ మాటతో అడిగెనో, పుస్తకము ఏ మాటక్రింద దొరికెనో రెండు గళ్లలో వ్రాసికొనుచుండవలెను. ‘బుడ్డలు’ అని మొదటి గడిలో, ‘వేరుశనగ’ అని రెండవ గడిలో వ్రాసి దానిని ప్రారంభింపవచ్చును.