ఇంజన్ బయటికి తియ్యడం తేలికే

పోయిన ఎపిసోడ్‌లో మాటల మధ్యలో మా గరాజ్‌లో బండికి ఇంజన్ మార్చామన్నాను కదా, దాని గురించి చెప్పమని కొందరు అడిగారు. సరే, ఈ వారం అదే.

బండి 1972 నాటి ఎంజీబీ జీటీ. ఇంజన్ 1798 సీసీ, బీఎంసీ వాళ్ళ బి-సిరీస్. మనకి మరీ పరాయిదేం కాదు లెండి. మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఈ కుటుంబందే. మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు, చిన్నప్పుడు పెళ్ళికి అద్దెకు తెచ్చిన కారు మధ్యదారిలో ఆగిపోతే చుట్టూ మూగి చూసిన ఇంజనే గుర్తొచ్చింది నాకు.

సమస్య ఏంటంటే, ఆయిల్ ప్రెషర్. వేడెక్కాక రోడ్డు మీద పోతున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ దాకా ఉండాలి. మాది 25 దగ్గరే ఆగిపోయేది. దానికి తోడు కింద నుంచి టకటకమని చప్పుడు. బేరింగులు అరిగిపోయాయన్నమాట. రీకండిషన్ చేసిన ఇంజన్ ఒకటి కొన్నాను, ఇంజన్ క్రేన్ వారాంతానికి అద్దెకి తెచ్చాను. పనివాళ్ళం ఇద్దరం, నేనూ మా అబ్బాయీ. వాడికి పదహారేళ్ళు.

ఈ బండిలో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి తియ్యడమే మేలు. ఒక్క ఇంజనే తీస్తే, మళ్ళీ పెట్టేటప్పుడు అంత బరువునీ గాల్లో ఉంచి గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని క్లచ్ ప్లేటు మధ్యలోకి దూర్చాలి. నడుములు పోతాయి. అదే బయట నేల మీదైతే నింపాదిగా కలుపుకోవచ్చు. బానెట్, రేడియేటర్, కార్బురేటర్లు, కింద ప్రొపెల్లర్ షాఫ్ట్, లోపల గేర్ రాడ్డు... ఇవన్నీ విప్పడానికి శనివారం మధ్యాహ్నం దాకా పట్టింది. విప్పిన ప్రతిదాన్నీ మావాడు ఫోన్లో ఫోటో తీసి, బోల్టులు కవర్లలో వేసి పైన రాస్తున్నాడు. "ఇన్ని ఫోటోలెందుకురా, టైమ్ వేస్టు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండూ కలిస్తే పొడుగు ఎక్కువ కదా, అందుకని ముక్కు బాగా పైకెత్తి ఏటవాలుగా లాగాలి. సగం పైకి వచ్చాక గేర్‌బాక్స్ టన్నెల్ అంచుకి తట్టుకుంది. వెనక్కి నెడదామని మావాడు చెయ్యి సందులో పెట్టాడు. సరిగ్గా అప్పుడే అది విడిపోయి ఊగింది. "రేయ్, చెయ్యి తియ్!" అని అరిచాను. తీశాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు నలిగిపోయేవి. గొలుసుకి వేలాడుతున్నది రెండు వందల కిలోల పైచిలుకు.

నేను అరిచిన తీరుకి వాడు లోపలికి వెళ్ళిపోయాడు. తప్పు నాదేనండీ. వేలాడే బరువుకీ బాడీకీ మధ్య చెయ్యి పెట్టకూడదని, నెట్టాలంటే కర్రతో నెట్టాలని ముందే చెప్పాల్సింది నేను. నాకు తెలుసు కాబట్టి వాడికీ తెలుసనుకున్నాను. అరగంట తర్వాత వెళ్ళి ఆ మాటే చెప్పాను. వచ్చాడు గానీ సాయంత్రం దాకా అవసరమైన మాటే మాట్లాడాడు.

ఆదివారం కొత్త ఇంజన్ కూర్చోబెట్టాం. కొత్త ఇంజన్‌ని వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, స్టార్టర్‌తో తిప్పుతూ ఉండాలి. గేజ్‌లో ప్రెషర్ కనబడ్డాకే ప్లగ్గులు పెట్టాలి. లేకపోతే బేరింగులు నూనె అందకుండా తిరుగుతాయి. తాళం తిప్పాను. స్టార్టర్ ఈడుస్తున్నట్టు తిరిగింది. వెనక సీటు కింద ఉన్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీలూ డౌనయ్యాయేమో అనుకుని మళ్ళీ తిప్పాను.

"నాన్నా, ఆపు! చోక్ కేబుల్ నుంచి పొగ!"

పరిగెత్తి బ్యాటరీ వైరు పీకేశాను. కేబుల్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. వైరింగంతా చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మావాడు ఏం మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. ఇంజన్‌కీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ, ఎర్త్ స్ట్రాప్. అది వాడు పేరు రాసి పెట్టిన కవర్లోనే భద్రంగా ఉంది.

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి, ఆ పట్టీ లేకపోతే బాడీకి సరైన కనెక్షన్ ఉండదు. స్టార్టర్ లాగే కరెంటు ఏదో ఒక దారి వెతుక్కోవాలి కదా, సన్నటి చోక్ కేబుల్ గుండా పోయింది. పాత ఇంగ్లీషు బండ్లతో కుస్తీ పట్టేవాళ్ళకి ఇది బాగా తెలిసిన పొరపాటే. నేనూ చదివాను, అయినా చేశాను.

పట్టీ బిగించి మళ్ళీ తిప్పితే స్టార్టర్ గిర్రున తిరిగింది, కాసేపటికి గేజ్ ముల్లు లేచింది. చోక్ కేబుల్ మాత్రం కొత్తది తెప్పించాల్సొచ్చింది. అది వచ్చి బిగించాక, మంగళవారం రాత్రి స్టార్ట్ చేసినప్పుడు తాళం మావాడి చేతికే ఇచ్చాను. వేడెక్కాక రోడ్డు మీద 60 చూపిస్తోంది.

ఇక్కడ యూకేలో ఇంజన్ నంబరు మారితే డీవీఎల్ఏకి చెప్పి లాగ్‌బుక్ మార్పించుకోవాలి, మర్చిపోకండి. క్రేన్ ఆదివారం సాయంత్రానికి ఇచ్చెయ్యాల్సింది, బుధవారం ఇచ్చాం. అదనపు అద్దె కట్టాను. ఉంటానండీ.