విద్యుత్తును మోయు ప్లాస్టిక్కు



విద్యుత్తీగపై నుండు ప్లాస్టిక్ తొడుగును మీరందఱును చూచియే యుందురు. లోపలి రాగిలో పాఱు విద్యుత్తు మన చేతికి సోకకుండ కాచునది యా తొడుగే. ఆ జాతి పదార్థమే విద్యుత్తును మోయునన్నచో వినుటకు వింతగా నుండును గదా!

ఈ కథ యొక పొరపాటుతో మొదలైనది. 1967లో జపానునందలి టోక్యోలో షిరకావా అను శాస్త్రజ్ఞుడు పనిచేయు ప్రయోగశాలయందు పాలిఅసిటిలీన్ అను పదార్థమును చేయుచుండిరి. అది సాధారణముగా నల్లని పొడిగా వచ్చెడిది. ఒకనాడు అచ్చట పనిచేయువాడొకడు అందు కలుపవలసిన ప్రేరకమును వేయిరెట్లు అధికముగా వేసెను. పొడికి మాఱుగా వెండివలె మెఱయు పలుచని పొర యేర్పడెను. మఱియొకరైనచో చెడిపోయినదని పాఱవేసియుందురు. షిరకావా పాఱవేయలేదు. తరువాత అమెరికాలోని మాక్డియర్మిడ్, హీగర్ అను వారితో గూడి 1977లో ఆ పొరకు అయొడిన్ ఆవిరిని పట్టించి చూడగా, దాని వాహకత దాదాపు కోటిరెట్లు పెరిగెను. 2000లో ఈ మువ్వురకును రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇది యెట్లు జరిగెను? ఇరుకు గట్టుదారిలో బండ్లు సందులేకుండ నిలిచియున్నవనుకొనుడు. ఏ బండియు కదలజాలదు. ముందున్న యొక బండిని తొలగించినచో, వెనుకనున్నవి యొకటొకటిగా ఆ ఖాళీలోనికి జరుగును. అయొడిన్ చేయునదియు నంతియే. అది అణుగొలుసునుండి కొన్ని ఎలక్ట్రాన్లను లాగికొనును. మిగిలినవానికి దారి దొరకును.

ఇట్టి పదార్థములను సిరావలె ద్రవములో కలిపి మిక్కిలి పలుచగా పూయవచ్చును. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో నొక భాగము నానోమీటరు. 1990లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఈ జాతి పదార్థపు పలుచని పొరలో విద్యుత్తును పంపి వెలుగు రప్పించిరి. ఇప్పటి పరికరములలో నిట్టి పొర సుమారు నూఱు నానోమీటర్లుండును. అనగా తలవెంట్రుక మందములో దాదాపు వేయవవంతు.

అయితే దీనిచే సిలికాన్ మూలబడునని కొంద ఱాశపడుట నాకు తొందరపాటుగా తోచుచున్నది. గొలుసునుండి గొలుసునకు గెంతవలసియుండుటచే విద్యుత్తు ఇందు మందముగా నడచును. వంగునట్టి తెరలకును, మెత్తని శరీరభాగములను తాకు సన్నని తీగలకును మాత్రము ఇది మిక్కిలి తగినది. పెద్ద చిక్కు గాలితోను తేమతోను. మొదట వెండివలె మెఱసిన పాలిఅసిటిలీనే గాలి సోకి చెడుచుండుటచే పరికరములకు పనికిరాకపోయెను. తరువాత వచ్చినవి కొంత గట్టివే గాని, వెలుగిచ్చు పొరలను నేటికిని గాలి చొరకుండ మూసి కాపాడవలసియే యున్నది.