మానిన మచ్చ మళ్ళీ ఎందుకు పెరుగుతుంది?
(సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



రక్తపోటు, మధుమేహం గురించి ఈ వేదిక మీద ఎందరో పెద్దలు చెప్పారు. నేను ఈరోజు కీలాయిడ్ మచ్చల గురించి నాలుగు మాటలు చెబుతాను. మనవరాలికి చెవులు కుట్టించిన చోట బఠాణీ గింజంత గడ్డ లేవడం, బైపాస్ ఆపరేషన్ అయిన పెద్దాయనకు రొమ్ము మధ్య కుట్టు పొడవునా తాడులా కండ పెరగడం, భుజం మీద బి.సి.జి. టీకా మచ్చ ఏటేటా వెడల్పు కావడం మీలో చాలామంది చూసే ఉంటారు. దురద పెడుతుంది, ఒక్కోసారి సూదులతో పొడిచినట్టు నొప్పి. ఇంట్లోవాళ్ళకు వచ్చే మొదటి ఆలోచన, కోయించి పారేద్దామని. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాధికి పేరు పెట్టినవాడు అలిబర్ అనే ఫ్రెంచి చర్మవైద్యుడు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో, పీత డెక్కల్లా పక్క చర్మంలోకి పాకే దీని తీరు చూసి ఆ అర్థం వచ్చే గ్రీకు మాటతో ఈ పేరు పెట్టాడు. మొదట ఆయనే దీనికి కాన్సర్‌ను తలపించే పేరు పెట్టి, తరువాత మార్చాడు. కీలాయిడ్ కాన్సర్ కాదు. ముందు ఆ భయం వదిలిపెట్టండి.

ఉబ్బిన మచ్చలన్నీ కీలాయిడ్లు కావు. కొన్ని మచ్చలు గాయం పడినంత మేరకే ఎత్తుగా లేచి, కొంతకాలానికి వాటంతటవే అణుగుతాయి. కీలాయిడ్ అలా కాదు. గాయం గీత దాటి మంచి చర్మం మీదికి వస్తుంది, తనంత తాను తగ్గదు. చెవి తమ్మె, రొమ్ము నడుమ, భుజాలు, వీపు పైభాగం దీనికి ఇష్టమైన చోట్లు. అరచేతిలో, కనురెప్ప మీద బహు అరుదు. చామనఛాయ, నలుపు చర్మం గలవారిలోను, 10 నుంచి 30 ఏళ్ళ వయసులోను ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా కనిపిస్తుంది.

ఉద్యోగకాలమంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి లోపల ఏముంటుందో చెబుతాను. చర్మానికి బలం ఇచ్చేది కొల్లాజెన్ అనే నార. మామూలు చర్మంలో అది బుట్ట అల్లికలా ఉంటుంది. గీత దాటని మచ్చలో సన్నని పోగులు చాలావరకు చర్మానికి సమాంతరంగా పరుచుకుంటాయి. కీలాయిడ్‌లో మాత్రం లావుపాటి మోకుల్లాంటి కట్టలు, గాజులా మెరుస్తూ, రంగు వేసిన స్లైడులో గులాబీ రంగులో, అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. నార తయారుచేసే కణాలకు పని ఆపమన్న కబురు అందనట్టే ఉంటుంది. దాని అంచు కూడా కొన్నిసార్లు పైకి బాగానే కనిపించే చర్మం కిందుగా నాలుకలా చొచ్చుకుపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కోసి తీసేసినా ఎందుకు తిరిగి వస్తుంది? కత్తి గాటు కూడా గాయమే కదా! అదే మనిషి, అదే చర్మం, అదే స్వభావం. పైగా కుట్లు వేసిన చోట చర్మం బిగుతు లాగుతుంటే ఆ కణాలు మరింత రెచ్చిపోతాయి. వేరే చికిత్స ఏదీ లేకుండా కోసి వదిలేస్తే నూటికి 45 నుంచి 100 వరకు తిరిగి వస్తాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. పెళ్ళి దగ్గర పడిందని తొందరపడి కోయించుకుని, ఏడాది తిరక్కుండా మొదటిదానికి రెట్టింపు గడ్డతో వచ్చిన ఆడపిల్లల చెవి ముక్కలు మా లాబొరేటరీకి వచ్చేవి. రిపోర్టులో రెండోసారి కూడా అదే మాట రాయవలసి వచ్చినప్పుడు మనసుకు కష్టంగా ఉండేది.

అలాగని చేతులు ముడుచుకోనక్కరలేదు. చిన్నవాటికి మచ్చలోకే ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్లు కొన్ని వారాల ఎడంతో ఇస్తారు. చర్మం పలచబడవచ్చు, అక్కడ రంగు తగ్గవచ్చు. మధుమేహం ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్ తప్పనిసరైతే దాని వెంట ఇంజెక్షన్లో, సిలికాన్ పట్టీలో, చెవికైతే నొక్కి ఉంచే ప్రత్యేకమైన దిద్దులో నెలల తరబడి వాడాలి. మొండివాటికి ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే రేడియేషన్ మొదలుపెడతారు. దానివల్ల తిరిగి రావడం బాగా తగ్గుతుంది గాని, పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. గాయం మానిందని మధ్యలో మానేయకూడదు. కనీసం రెండేళ్ళు కనిపెట్టి ఉండాలి.

చివరిగా మూడు మనవులు. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే పిల్లలకు అదనంగా చెవులు కుట్టించే ముందు డాక్టర్ని అడగండి. మీకు ఏ ఆపరేషన్ జరగబోతున్నా పాత మచ్చ సంగతి సర్జన్‌కు ముందే చెప్పండి. తీసిన ముక్కను తప్పక పరీక్షకు పంపించమనండి. కీలాయిడ్‌లా కనిపించే చర్మపు కంతులు, అరుదుగానైనా, ఉన్నాయి. ఆకు పసర్లు, యాసిడ్లతో కాల్చడం మాత్రం వద్దు. కాలిన చోటే మరో కీలాయిడ్ మొలుస్తుంది.