కిడ్నీ వైద్యుడు శామ్యూల్ థియర్

కిడ్నీ వైద్యం నుంచి విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవి దాకా ఎదిగిన శామ్యూల్ థియర్ 1937లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. 1960లో సిరక్యూస్‌లో వైద్యపట్టా పొందారు.

ఆయన తొలినాటి పరిశోధన సిస్టినూరియా అనే వంశపారంపర్య వ్యాధి మీద. ఆరోగ్యవంతుల్లో మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టాక, అందులోని అమైనో ఆమ్లాలను సన్నని నాళికలు దాదాపు పూర్తిగా తిరిగి పీల్చుకుంటాయి. ఈ జబ్బు ఉన్నవారిలో సిస్టిన్ అనే ఆమ్లం మూత్రంలోకి వెళ్లిపోతుంది. అది నీటిలో సరిగా కరగదు. పేరుకుని రాళ్లు కడుతుంది. చాలామందికి చిన్న వయసులోనే నడుము పక్కన మెలిపెట్టే నొప్పి మొదలవుతుంది. లోపం మూత్రపిండానికే పరిమితం కాదని, పేగు లోపలి పొరలోనూ ఉందని థియర్, ఆయన సహచరులు 1964లో చూపించారు. రోగుల పేగు నుంచి తీసిన చిన్న ముక్కలను ప్రయోగశాలలో పరీక్షించి తేల్చిన సంగతి అది.

హార్వర్డ్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పాక, 1975లో ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో వైద్యశాఖ అధిపతి అయ్యారు. 1985లో అమెరికాలో ఆరోగ్య విషయాలపై సలహాలిచ్చే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అధ్యక్షులయ్యారు. మరుసటి ఏడాది ఆ సంస్థ పాలుపంచుకున్న ఎయిడ్స్ నివేదిక, పరిశోధనకూ ప్రజల్లో అవగాహనకూ భారీగా నిధులు కావాలని గట్టిగా అడిగింది. భయం, అపోహలు రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో అది ఎంతో అవసరమైన మాట.

1991లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం ఆయనను అధ్యక్షుడిగా పిలిచింది. అక్కడ వైద్య కళాశాలే లేదు. అయినా పగ్గాలు వైద్యుడికి అప్పగించడం విశేషమే. 1994లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ అధ్యక్షులయ్యారు. తర్వాత ఆ ఆసుపత్రి భాగమైన ఆసుపత్రుల కూటమి పార్ట్‌నర్స్ హెల్త్‌కేర్‌కు 2002 వరకు నాయకత్వం వహించారు.