రోగి మంచమునొద్దకే రిజిస్ట్రారు
(వరంగల్లులో పంచాయతి సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను క్రొత్త పథకమును గూర్చి చెప్పుటకు రాలేదు. నూరేండ్లకు పైబడి చట్టములో నున్నను మన పల్లెలలో పెక్కుమందికి తెలియని యొక సౌకర్యమును గూర్చి చెప్పుటకు వచ్చితిని.

కొన్ని యేండ్ల క్రిందట పర్యటనలో నేను వినిన సంగతి యిది. పక్షవాతముతో మంచము పట్టిన యొక వృద్ధుడు తన యిల్లు కూతురికి వ్రాసియియ్యవలెనని కోరెను. బంధువులు ఆయనను ట్రాక్టరుపై పరుండబెట్టి రిజిస్ట్రేషను కార్యాలయమునకు తీసికొనిపోయిరి. ఆనాడు వంతు రాలేదు. తిరిగివచ్చిన మూడవనాడు ఆయన కన్నుమూసెను. దస్తావేజు కాలేదు, అన్నకును చెల్లెలికిని మాటలు పోయినవి. "అయ్యా, అధికారినే ఇంటికి పిలువవచ్చునని మాకొక్కరైన చెప్పలేదే!" అని ఆమె నాతో అన్నది. ఆ మాటకు జవాబే యీ ప్రసంగము.

1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములో 31వ సెక్షను ప్రకారము తగిన కారణము చూపినచో రిజిస్టరు చేయు అధికారి దస్తావేజు దాఖలు చేయగోరువాని నివాసమునకే పోవచ్చును. 38వ సెక్షను ఇంకను స్పష్టము. శరీర దౌర్బల్యముచేత ప్రమాదము గాని, తీవ్రమైన యిబ్బంది గాని లేకుండ రాజాలనివారు కార్యాలయమునకు రానక్కరలేదు. అధికారియే పోయి వారిని విచారింపవలెను. లేదా కమీషను నియమించి విచారింపజేయవలెను. అధికార పత్రము, అనగా ముక్తారునామా వ్రాసి యిచ్చు రోగికి సైతము 33వ సెక్షను ఇట్టి వెసులుబాటునే కల్పించుచున్నది.

దీనికి చేయవలసినది స్వల్పమే. రోగి పేర దరఖాస్తు వ్రాసి, డాక్టరు ధ్రువపత్రము జతపరచి, నిర్ణయించిన రుసుము చెల్లింపవలెను. మన తెలంగాణలో ఇండ్లు, స్థలముల దస్తావేజులు సబ్ రిజిస్ట్రారునొద్దను, వ్యవసాయ భూముల దస్తావేజులు తహసీలుదారునొద్దను జరుగును. భూమి యొక మండలములో నుండగా రోగి వరంగల్లు మహాత్మాగాంధి స్మారక ఆస్పత్రిలో నుండుట మనకు సామాన్యము. అట్టియెడ ఏ యధికారి రావలెనో, కమీషను అవసరమగునో ముందుగనే విచారించుకొనుడు. ఆఖరు గడియ వరకు ఆగవలదు.

ఇక నోటరీ సంగతి. 1952 నాటి నోటరీల చట్టముచేత వీరికి ప్రమాణ పత్రములను, సంతకములను ధ్రువీకరించు అధికారము కలదు. రోగి యున్నచోటికి రమ్మని నోటరీని కోరవచ్చును. రుసుముతోపాటు ప్రయాణపు ఖర్చు తీసికొనుటకు నిబంధనలు అనుమతించుచున్నవి; ఇచ్చిన సొమ్ముకు రసీదు అడిగి తీసికొనుడు. అయితే ఒక్కమాట మరువకుడు: నోటరీ ముద్ర రిజిస్ట్రేషనుకు బదులు కాజాలదు. ఇల్లు గాని, భూమి గాని దానమిచ్చినచో దస్తావేజు రిజిస్టరు కావలసినదే. ముద్ర చూచి హక్కు వచ్చినదని నమ్మి మోసపోయినవారు కలరు.

వ్యవధి లేనప్పుడు వీలునామా ఉన్నది. దానికి స్టాంపు కాగితమక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. వ్రాయువాడు స్థిమితమైన బుద్ధితో సంతకము చేసి, లేక వేలిముద్ర వేసి యుండవలెను. కనీసము ఇద్దరు సాక్షులు దానిని చూచి, ఆయన యెదుటనే తామును సంతకములు చేయవలెను. ఆస్తి పొందువారు సాక్షులుగా నుండకుండుట మేలు. రోగి తెలివితో నున్నాడని డాక్టరు వ్రాసియిచ్చినచో తరువాతి వివాదములు తగ్గును. వీలునామాను ఎప్పుడైనను, వ్రాసినవాని మరణానంతరమును రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవచ్చును. పైన చెప్పిన వృద్ధుని చెంత ఈ సంగతి తెలిసినవా రొక్కరున్నను, ఆ ట్రాక్టరు ప్రయాణము తప్పియుండెడిది.

ఆస్పత్రి ఖర్చులకు రోగి తన ఖాతాలోని సొమ్మునే తీయలేని కష్టము వేరొకటి. సంతకము చేయలేని రోగి వేలిముద్రను ఇద్దరు సాక్షులు గుర్తించినచో బ్యాంకు సొమ్ము చెల్లింపవచ్చును. వారిలో నొకరు బాధ్యతగల బ్యాంకు ఉద్యోగియై యుండవలెను. 70 ఏండ్లు దాటినవారికి ఇంటివద్దనే ప్రాథమిక సేవలు చేయవలెనని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులను ఆదేశించినది.

ఈ సౌకర్యమునకు రెండవ వైపును కలదు. మగతలో నున్న ముసలివాని వ్రేలు పట్టి కాగితముపై నొత్తించువారును లేకపోలేదు. కావున అధికారి వచ్చినప్పుడు బంధువులను కొంత దూరముగ నుంచి, రోగి నోటనే "ఇది నా యిష్టము" అనిపించుటకు మీరు సాయపడుడు. వినని మాటకు, చూడని సంతకమునకు మాత్రము సాక్షులు కాకుడు. తల్లిదండ్రులు ఆస్తి వ్రాసి యిచ్చునప్పుడు, తమను పోషించి తీరవలెనను షరతును దస్తావేజులో చేర్చుకొమ్మని చెప్పుడు. ఆ షరతు తప్పినచో 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను క్రింద ఆ దానమును రద్దు చేయించుటకు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును.

సోదరులారా! మీ గ్రామములో మంచము పట్టినవా రెందరో మీకు తెలియును. రేపే వారి యిండ్లకు పోయి యీ నాలుగు మాటలు చెప్పుడు. పంచాయతి కార్యాలయపు గోడపై వ్రాయించుడు. దీనికి నిధులక్కరలేదు; శ్రద్ధ చాలును. "మాకొక్కరైన చెప్పలేదే" అను మాట మీ గ్రామములో మరల వినబడకుండుగాక.