ప్లాస్మా మిషన్ ముందు మన పిల్లలు
(వాడ యువజనుల సభలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



పదో తరగతితోనో ఐటీఐతోనో చదువు ఆగిన మన వాడ కుర్రాళ్ళు ఎటు పోతున్నారో మీకు తెలుసు. విజయవాడ ఆటోనగర్‌కి, హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్లకి, విశాఖకి. లారీ బాడీలు కట్టే షెడ్లలో, గేట్లూ ట్యాంకులూ చేసే షెడ్లలో హెల్పర్లుగా చేరుతున్నారు. ఊళ్ళో పాలేరుతనం కంటే మేలే. అందుకే ఆ పని వదిలేయమని చెప్పడానికి నేను రాలేదు. ఆ పనిలో కళ్ళూ ఊపిరితిత్తులూ పోగొట్టుకోకుండా ఎట్లా నిలబడాలో మాట్లాడుకుందామని వచ్చాను.

ఇదివరకు ఇనుప రేకు కొయ్యాలంటే గ్యాసు కటింగే. ఇప్పుడు చాలా షెడ్లకు ప్లాస్మా మిషన్ వచ్చింది. గాలిని కరెంటుతో 20 వేల డిగ్రీల దాకా వేడెక్కించి సన్నటి రంధ్రంలోంచి వదులుతుంది. ఇనుము కరిగి కిందికి ఎగిరిపోద్ది. సిలిండరు లేదు గదా, ఇంకేం భయం అంటాడు యజమాని. ఒక భయం పోయింది నిజమే. దాని జాగాలో నాలుగు వచ్చాయి.

మొదటిది కరెంటు. మామూలు వెల్డింగు షాకే మనిషిని చంపగలదు. ప్లాస్మా మిషన్‌లో వోల్టేజీ దానికంటే చాలా ఎక్కువ, 200 నుంచి 400 వోల్టుల దాకా ఉంటుంది. చెమటతో తడిసిన చొక్కా, చిల్లుపడ్డ గ్లౌజు, వానాకాలంలో తడి నేల - ఈ మూడూ కలిస్తే చావును పిలిచినట్టే. టార్చి ముక్కు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఎర్త్ క్లాంపును తుప్పుకీ రంగుకీ కాదు, గీకిన ఇనుముకి తగిలించాలి. హవాయి చెప్పులతో, లుంగీతో మిషన్ దగ్గరికి పోవద్దు. నైలాన్ బట్ట నిప్పురవ్వకి కరిగి ఒంటికి అంటుకుంటది. మందపాటి నూలు బట్ట, తోలు బూట్లు వేసుకోవాలి.

రెండోది వెలుగు. ఆ వెలుగు చూసిన కళ్ళు అప్పుడే మండవు. రాత్రి పడుకున్నాక ఇసుక పోసినట్టు మండుతాయి. తల్లిపాల చుక్కలు వేస్తారు, ఆలుగడ్డ ముక్క పెడతారు. అవి వైద్యం కాదు, పుండుపడే ప్రమాదం తెచ్చేవి. నలపకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. బజారు చలవద్దాలు ఈ వెలుగుకి పనికిరావు. నల్లద్దం మీద నంబరుంటుంది. 60 నుంచి 80 యాంపియర్ల మిషన్‌కి 8వ నంబరు అద్దం కావాలి. పక్కన పట్టుకుని నిలబడే హెల్పరుకీ అదే అద్దం ఇవ్వాలి.

మూడోది పొగ. జింకు పూత రేకు కోస్తే సాయంత్రానికి చలీ జ్వరమూ వస్తాయి. మలేరియా అనుకుంటాం. స్టీలు కోస్తే వచ్చే పొగలో క్రోమియం విషం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కేన్సర్ పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగు పొగను మనిషికి కేన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. బెల్లం ముక్క తింటే పొగ దిగిపోద్దని మేస్త్రీ చెబుతాడు. బెల్లం కడుపులోకి పోతుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ ఎక్కడ కలుస్తాయి? మూతికి కట్టిన తువ్వాలు కూడా ఆ పొగను ఆపదు. మొహం దాకా రాకముందే పొగను లాగే ఫ్యాను కావాలి.

నాలుగోది పేలుడు. నూనె, రంగు, పెట్రోలు పోసిన డ్రమ్ము ఖాళీగా కనపడినా లోపల ఆవిరి ఉంటుంది. అట్లాంటి డ్రమ్ము కొయ్యమంటే కొయ్యనని చెప్పండి.

అన్నలారా, ఇప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాను. ట్యాంకు లోపలికి దూరి కొయ్యాల్సింది ఎవరు? పురుగుమందు డబ్బా వీపున వేసుకున్నది ఎవరో, మురుగు గుంటలోకి దిగింది ఎవరో, వాళ్ళ పిల్లలే. ఆఫీసు గదిలో కూర్చునేది ఎవరి పిల్లలో వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో వాడ ఊరి చివర ఉన్నట్టే, షెడ్డులో మన జాగా పొగ ఉన్న మూల. కులం బస్సెక్కి మనతోపాటే పట్నం వచ్చింది.

బాబాసాహెబ్ మనకు రిజర్వేషన్లే ఇచ్చారనుకునేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. 1942లో ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. రోజుకి 8 గంటల పని మాట కార్మిక సదస్సు ముందు పెట్టారు. 1943లో ధన్‌బాద్ బొగ్గు గనిలోకి స్వయంగా దిగి పనివాళ్ళ కష్టం చూశారు. పనివాడి ఒళ్ళు యజమాని సొత్తు కాదన్నది ఆ పని వెనకున్న అర్థం.

చట్టం సంగతి కూడా వినండి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో పనిచేసే చోట 10 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. మన పిల్లలున్నవి ఎక్కువగా చిన్న షెడ్లే. అంటే ఆ లెక్కలోంచి జారిపోయేది మనవాళ్ళే. అయినా చేతిలో కొన్ని మిగిలాయి. నియామక పత్రం అడిగే హక్కుంది. అద్దానికీ గ్లౌజుకీ జీతంలో కోత పెట్టడానికి లేదు. ప్రమాదం జరిగితే నష్టపరిహారానికి రెండేళ్ళ లోపు దరఖాస్తు పెట్టాలి. మేస్త్రీ కింద పనిచేశావు పొమ్మని అసలు యజమాని తప్పించుకోలేడు. ఈఎస్ఐ కార్డుంటే వైద్యం అక్కడ దొరుకుతుంది. కార్డు లేకపోతే ముందు అది అడగండి.

ఒక్కడే అడిగితే రేపు రావద్దంటాడు. అందుకే ఒక షెడ్డులో మన ఊరివాళ్ళు నలుగురుంటే నలుగురూ కలిసి అడగాలి. పక్క వాడవాళ్ళను, మాదిగ మాల తేడా లేకుండా, బీసీ, ముస్లిం తమ్ముళ్ళను కలుపుకోవాలి. ఏ షెడ్డులో ఎంతమంది ఉన్నారో సంఘం ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. హాజరు, జీతం, దెబ్బతగిలిన తేదీ అన్నీ రాయాలి. కాగితం లేకపోతే రేపు లేబర్ ఆఫీసులో మన మాట నిలవదు.

అమ్మలారా, పండక్కి ఇంటికొచ్చిన కొడుకుని జీతమెంతని అడుగుతాం. ఈసారి కళ్ళు మండుతున్నాయా, దగ్గుతున్నావా, అద్దం ఇచ్చారా అని కూడా అడగండి. ఆ ప్రశ్న వాడలో ప్రతి ఇంట్లో మొదలైతే షెడ్డు యజమాని దాకా పోయి తీరుతుంది.

జై భీమ్!